విజయనగరం బజారులో ఐరన్ సరుకు: బుట్టలో ఏది వేసుకోవాలి, ఏది వదిలేయాలి

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల కిరాణా కొట్లలోనూ, చిరుధాన్యాల షాపుల్లోనూ ఇప్పుడు ఐరన్ కోసమని చెప్పి అమ్మే సరుకు చాలా కనిపిస్తుంది. చోడి (రాగి) మాల్ట్, నువ్వుండలు, మునగాకు పొడి, బీట్‌రూట్ పొడి, ఖర్జూరం పాకం, నల్లబెల్లం, వాటి పక్కనే ఇనప కళాయిలు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్ళినా దాదాపు ఇదే సరుకు. "రక్తం పడుతుందమ్మా, తీసుకెళ్ళండి" అనే మాట కూడా రెండు ఊళ్ళలోనూ ఒకటే. మాంసం, చేప, గుడ్డు ముట్టని ఇంటికి ఇందులో నిజంగా పనికొచ్చేది ఏది అన్నదే ఈ సమీక్ష. ప్యాకెట్ మీద 100 గ్రాములకు ఇంత అని వేసిన అంకెను మేం లెక్కలోకి తీసుకోలేదు. మనిషి ఒక పూట తినగలిగేంతలో ఇనుము ఎంత, అందులో ఒంటికి పట్టేది ఎంత అన్నదే చూశాం.

ఎంత కావాలో ముందు చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం రోజుకు మగవాళ్ళకు 19 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకు 29, గర్భిణులకు 27. ఆడవాళ్ళ 29 చూసి చాలామంది గాభరా పడతారు. దాదాపు అందరికీ సరిపోయేలా వేసిన పై లెక్క అది. సగటు అవసరం 15 మాత్రమే. మగవాళ్ళ, ఆడవాళ్ళ అంకెలు తిన్న ఇనుములో సుమారు 8 శాతమే ఒంటికి పడుతుందన్న అంచనా మీద వేసినవి. అంటే నూటికి మిగతా 92 వంతులూ అలా వచ్చి ఇలా పోయేవే. అందుకని గింజలో ఎంత ఉందన్నదానికంటే, దాన్ని ఎలా వండాం, పక్కన ఏం తిన్నాం, పైన ఏం తాగాం అన్నదే పెద్ద విషయం.

సరుకంతటిలో మొదటి మార్కు ఉలవలకే. విచిత్రమేమిటంటే ఐరన్ సరుకులో వాటిని ఎవరూ పెట్టరు, పప్పుల వరసలో ఓ మూల గోనెసంచిలో ఉంటాయి. 100 గ్రాముల ఉలవల్లో 8.8 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, కందిపప్పులో 3.9. మనిషికి 50 గ్రాములు వండితే 4.4 వచ్చినట్టే. అంత సరుకు అంత తక్కువ ధరకి బజారులో ఇంకొకటి దొరకదు.

అయితే ఉలవచారు మీద ఆశ పెట్టుకోకండి. హోటల్లో చిక్కగా, నల్లగా, పైన మీగడ వేసి ఇచ్చేది ఉలవలు ఉడికించిన నీరు. గింజలోని ఇనుము చాలావరకు గింజలోనే ఉండిపోతుంది, ఆ గింజ పశువుల కుడితిలోకి పోతుంది. రక్తం ఎద్దుకు పడుతుంది, మనకు రుచి దక్కుతుంది. ఇనుము కావాలంటే గుగ్గిళ్ళే తినాలి.

చేసే పద్ధతి ఇది. ఇద్దరికి 100 గ్రాములు. విడి ఉలవల్లో రాళ్ళు తప్పకుండా ఉంటాయి, పళ్ళెంలో పోసి చెరిగి ఏరాలి. 12 గంటలు నానబెట్టి ఆ నీళ్ళు పారబోయాలి. గింజలోని ఫైటేటు, పైపొట్టులోని వగరు పదార్థాలు కొంత ఆ నీటితో పోతాయి; ఇనుమును పట్టేసుకుని పేగులోకి పోనివ్వనివి అవే. తర్వాత తడిగుడ్డలో మూటకట్టి ఎండాకాలమైతే 24 గంటలు, చలికాలమైతే 36 గంటలు ఉంచాలి. మొలక పావంగుళం వస్తే చాలు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైము ఫైటేటును ఇంకొంత విరగ్గొడుతుంది. కుక్కర్లో నాలుగైదు కూతలకు మెత్తబడతాయి. మొలకెత్తించకపోతే ఎనిమిది కూతలైనా కొన్ని రాళ్ళలాగే మిగులుతాయి. పాత సరుకైతే అసలు నానదు, సగం గింజలు అలాగే ఉంటాయి. కొనేముందు కొట్టువాడిని కొత్త పంటేనా అని అడగండి. ఉక్కపోత రోజుల్లో మూట జిగురుపట్టి పులుపు వాసన వేస్తే నీరు సరిగా వార్చలేదని అర్థం. ఆ వాయ పారేయాల్సిందే. అలవాటు లేనివాళ్ళు మొదటి వారం 25 గ్రాములతో మొదలుపెట్టాలి, లేకపోతే కడుపుబ్బరం వచ్చి ఉలవల పేరెత్తితేనే విసుక్కుంటారు.

తాలింపులో ఉల్లి, వెల్లుల్లి దండిగా వేసుకోండి. ధాన్యాల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి అందే రూపంలోకి రావడానికి ఈ రెండూ సాయం చేస్తాయని మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2010లో ల్యాబు పరీక్షల్లో చూపించారు.

ఇక్కడే నిమ్మకాయ గురించి. పైన నిమ్మరసం పిండుకోండి అని అందరూ చెబుతారు, ఎంత పిండాలో ఎవరూ చెప్పరు. ఒక మామూలు నిమ్మకాయ నుంచి వచ్చే రసంలో విటమిన్ సి పది పదిహేను మిల్లీగ్రాములకు మించదు. ఇనుము పట్టడంలో తేడా బాగా తెలియాలంటే ఆ పూటకు 50 దాకా కావాలి. అరచెక్క నిమ్మకాయ పప్పుకు రుచి ఇస్తుంది, అంతే. జామకాయ సంగతి వేరు: 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైనే. సగం కాయ అన్నంతోపాటు, లేదా తిన్న వెంటనే తింటే పని అయిపోతుంది. ఉసిరికాయ ఇంకా ఎక్కువ, కాని దొరికేది కొన్నాళ్ళే. ఎండాకాలంలో పలాస వైపు తోటల్లో జీడిమామిడి పండు రాలి కుళ్ళిపోతుంటుంది, దానిలోనూ విటమిన్ సి దండిగా ఉంది. వగరే దాని లోపం. ఆ వగరు ఇనుముకు కూడా అడ్డే, అందుకని ఉప్పునీళ్ళలో ఊరేసి వగరు తగ్గాక తినాలి. అదే తోటల జీడిపప్పు 100 గ్రాముల్లో 6 మిల్లీగ్రాములు ఉన్నమాట నిజమే. పది పలుకులు తింటే వచ్చేది ఒకటి కూడా కాదు. పండు పారేసి పప్పు కొనుక్కునే బేరం ఇది.

చోళ్ళ దగ్గరికి వద్దాం. మన ఉత్తరాంధ్రలో రక్తహీనత అనగానే మొదట వినిపించే మాట చోడి అంబలి. ఇది సగమే నిజం. 100 గ్రాముల చోళ్ళలో ఇనుము 4.6, ఒక పూట అంబలికి పడే 40 గ్రాముల పిండిలో 1.8. ఆ ఎర్రటి పొట్టులో టానిన్లనే వగరు పదార్థాలు, లోపల ఫైటేటు, పైగా 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం. మూడూ ఇనుముకు అడ్డం పడేవే. ధాన్యాల్లో ఎముకలకు చోళ్ళను మించింది లేదు గాని రక్తానికి వాటి కంటే గంటెలు (సజ్జలు) మేలు, 6.4 ఉంటుంది. చోళ్ళే కావాలనుకుంటే మొలకెత్తించిన పిండి, లేదా రాత్రి పిండి నీళ్ళలో కలిపి పొద్దునదాకా పులియబెట్టి కాచిన అంబలి. పాతకాలం వాళ్ళు కుండలో పులియబెట్టి తాగిందే సరైన పద్ధతి. పాలు పోసి, పంచదార వేసి, వేడివేడిగా తాగే రాగిమాల్ట్‌తో ఇనుముకు మాత్రం పెద్దగా ఉపయోగం లేదు.

మొలకెత్తిన చోడిపిండి అని అట్టమీద వేసి అమ్మేవాటిలో కొన్ని ఉత్త వేయించిన పిండే. ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక గ్లాసు చన్నీళ్ళలో రెండు చెంచాల పిండి ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ కాయండి. మొలకెత్తని పిండైతే ఐదు నిమిషాల్లో బిగుసుకుని గరిటెకు అంటుకుంటుంది. మొలకెత్తించిందైతే గంజిలా పలచగా, కాస్త తియ్యగా ఉంటుంది. మొలకలోని ఎంజైము పిండిపదార్థాన్ని చిన్న ముక్కలు చేసేస్తుంది, అందుకని గట్టిపడదు. మరీ మాడ్చి వేయించితే ఆ ఎంజైము చచ్చి మొలకెత్తిన పిండి కూడా చిక్కబడుతుంది. ఆ మాడు వాసన పిండి ముక్కు దగ్గర పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళు 12 గంటలు నానబెట్టి, మూటలో ఒకటిన్నర రోజు ఉంచి, పూర్తిగా ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగి, దోరగా మాత్రమే వేయించి మర పట్టించాలి. ఎండ చాలకపోతే పదిహేను రోజుల్లో పురుగు పడుతుంది.

ప్యాకెట్ మాల్టుల్లో ఇంకో చిక్కుంది. వెనకవైపు పదార్థాల వరస చదవండి. బరువులో ఏది ఎక్కువో అది ముందు రాయాలని నియమం. పంచదారో బెల్లంపొడో మొదట ఉంటే మీరు కొంటున్నది తీపి, చోళ్ళు దాని మీద చల్లినవి. మేం చూసిన ఒక స్థానిక ప్యాకెట్ మీద ముందువైపు పదిహేను ధాన్యాల బొమ్మలున్నాయి, వెనక మొదటి మాట పంచదార. మార్కులు ఇవ్వాల్సిన పని లేదు.

నువ్వుండ పర్వాలేదు. నల్లనువ్వుల్లో 100 గ్రాములకు 14 దాకా ఉంది, ఉండలో పడే 15 గ్రాముల నువ్వులకు 2 వస్తుంది. పొట్టు తీసిన తెల్లనువ్వుల కంటే పొట్టుతో ఉన్నవే కొనాలి. నువ్వుల్లో కాల్షియం, ఫైటేటు కూడా ఎక్కువే కాబట్టి దీని పక్కనా జామకాయ ఉండాలి. బెల్లం మీద నమ్మకం మాత్రం అతి. 100 గ్రాములకు 4.6 ఉంటే ఉండవచ్చు, 20 గ్రాముల ముక్కకు ఒకటి కూడా రాదు. అనకాపల్లి బెల్లమైనా, ఊళ్ళో గానుగ దగ్గరదైనా అంతే. చక్కెర బదులు తినండి, ఐరన్ మందనుకుని తినకండి. మెత్తని ఖర్జూరం 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము, పాకం సీసా కొనడం ఇంకా దండగ. బీట్‌రూట్‌ను దాని రంగే అమ్మిపెడుతోంది, 100 గ్రాములకు 0.8 కూడా లేదు. దానిమ్మ అంతకంటే తక్కువ. మునగాకు పొడి ప్యాకెట్ మీద పెద్ద అంకె ఉంటుంది, అది 100 గ్రాములకు. మీరు వేసుకునే చెంచా 5 గ్రాములు, ఆ అంకెలో ఇరవయ్యో వంతు. పచ్చి మునగాకు చెట్టునుంచి దూసి కందిపప్పులో వేసుకుంటే ఖర్చు లేకుండా ఎక్కువే తినొచ్చు. తోటకూర అయితే 100 గ్రాముల ఆకుకు 4.6, ఎర్ర తోటకూర 7. రైతుబజారులో కట్ట కొంటే కాడలు పోను ఆకు సగమే మిగులుతుందని గుర్తుపెట్టుకుని రెండు కట్టలు తెచ్చుకోండి.

ఇక ఇనప కళాయి. బాగా వాడితే ఉలవల తర్వాత ఎక్కువ ఉపయోగం దీనిదే, తప్పుగా వాడితే అటకమీద తుప్పుపట్టే వస్తువు. పోత ఇనుముది, రేకుది రెండు రకాలు దొరుకుతాయి. పోతది బరువు, వేడి నిలుస్తుంది, కాని వేడిగా ఉండగా చన్నీళ్ళు పోస్తే పగులుతుంది, కింద పడితే ముక్కలవుతుంది. రేకుది తేలిక, చవక, అడుగంటుతుంది. ఇనుము రెండిటినుంచీ వస్తుంది. లోపల రంగుల ఎనామెల్ పూతో, నాన్‌స్టిక్ పూతో ఉన్నది కొంటే కూరకు ఇనుము తగలదు, ఆ డబ్బు దండగే. అయస్కాంతం పెట్టి చూసి నమ్మకండి, కొన్ని రకాల స్టీలు కూడా అంటుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి గిన్నెలు ఎంత అందంగా ఉన్నా వాటితో ఇనుము రాదు, అసలు పులుపు వండకూడదు కూడా.

కొత్త కళాయికి తుప్పు పట్టకుండా నూనె, నల్లరంగు పూసి ఉంటాయి. సబ్బు, పీచుతో తోమి, నీళ్ళు నల్లగా రావడం ఆగేదాకా కడగాలి. తర్వాత రెండు మూడు రోజులు గంజి పోసి ఉంచి, రోజూ మార్చి, కడిగి పొయ్యిమీద ఆరబెట్టి నూనె రాయాలి. మొదట్లో ఉల్లిపాయ ముక్కలు నూనెలో నల్లబడేదాకా వేయించి పారేస్తే ఇనప వాసన తగ్గుతుంది.

పొడి వేపుళ్ళకు ఇనుము పెద్దగా దిగదు. దిగాలంటే తడి, పులుపు, సమయం, మూడూ కావాలి. తోటకూర పులుసు, టమాటా పప్పు, చింతపండు వేసిన ఉలవల కూర 15 నుంచి 20 నిమిషాలు ఇందులో ఉడికితే కూరలో ఇనుము చాలా రెట్లు పెరుగుతుంది. కూర రంగు ముదరడం దానికి గుర్తు. గోంగూర మరీ నల్లబడి, నాలుకకు నాణెం రుచి తగులుతుంది, దాన్ని స్టీలులోనే వండుకోండి. కూర దించగానే వేరే గిన్నెలోకి తీసేయాలి, రాత్రంతా కళాయిలో వదిలితే తినలేరు. బాగా వాడి నున్నగా నల్లబడిన కళాయి వంటకు హాయి, కాని కొత్తదానికంటే తక్కువ ఇనుము ఇస్తుంది. కడిగాక నీళ్ళతో అలాగే వదిలితే తెల్లారేసరికి ఎర్రతుప్పు. పొయ్యిమీద రెండు నిమిషాలు పెట్టి చుక్క నూనె తుడిస్తే రాదు. పుల్లటి కూర వండినప్పుడల్లా ఆ నూనె పొర కొంత పోతుంది, అది మామూలే, మళ్ళీ రాస్తే సరి. ఇంకోమాట, నిమ్మరసం కళాయిలో ఉండగా పిండకండి. వేడి, ఇనుము కలిసి విటమిన్ సిని త్వరగా పాడుచేస్తాయి. పళ్ళెంలో వడ్డించాక పిండాలి. కళాయినుంచి ఎన్ని మిల్లీగ్రాములు వచ్చాయో ఇంట్లో కొలిచే దారి లేదు, కాబట్టి డాక్టరు రాసిన మాత్రకు దీన్ని బదులుగా లెక్కేయకూడదు.

ఐరన్ కోసమని ఎవరూ తెచ్చుకోనిది రేషన్ బియ్యం. పోషకాలు కలిపిన బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. రోజుకు 250 గ్రాముల బియ్యం తినేవాళ్ళకు 7 నుంచి 10 దాకా వచ్చినట్టు. మామూలు పాలిష్ బియ్యంలో అదే 250 గ్రాములకు 1.6. కడిగేటప్పుడు కొన్ని గింజలు తేడాగా కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో ఒత్తినవి, వంద పాళ్ళ బియ్యానికి ఒక పాలు చొప్పున కలుపుతారు. పారేస్తే సారం పారేసినట్టే. ఒకటి రెండుసార్లు తేలిగ్గా కడిగి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోవడం మేలు. ఈ బియ్యం దళారికి అమ్మేసి ఆ డబ్బుతో ఐరన్ మాల్ట్ కొనడమంత తెలివితక్కువ బేరం ఇంకోటి లేదు.

అన్నీ ఒక పళ్ళెంలో పెట్టి కూడితే: చోడి అంబలి 1.8, ఉలవ గుగ్గిళ్ళు 4.4, కందిపప్పు 40 గ్రాములకు 1.6, తోటకూర 4.6, నువ్వులు 2, బెల్లం 0.9. మామూలు బియ్యంతో 17 దాకా, పోషకాలు కలిపిన రేషన్ బియ్యంతో 22 నుంచి 26. మగవాళ్ళకు ఆ బియ్యంతో నిండుతుంది. ఆడవాళ్ళకు సగటు అవసరం తీరుతుంది, 29 మాత్రం చేరదు. గుప్పెడు పుట్నాలు, గంటెల రొట్టె, కళాయిలో పులుసు ఆ తేడా కోసమే.

ఇంత చేసి టిఫిన్ మీద టీ తాగితే సగానికి పైగా పోయినట్టే. అన్నంతోపాటు తాగిన కప్పు టీ ఇనుము పట్టడాన్ని 60 శాతం దాకా తగ్గిస్తుంది, కాఫీ 40. గంట, వీలైతే రెండు గంటలు ఎడం ఉంటే చాలు. ఉప్మా, టీ జంటగా నడిచే మన ఊళ్ళలో ఇదే అన్నిటికంటే కష్టమైన మార్పు, ఖర్చు లేని మార్పు కూడా.

చివరిది మాత్ర. సర్కారు దవాఖానాల్లో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెలనుంచి కనీసం 180 రోజులు వాడాలి. తిండితో పోల్చదగ్గది కాదు, హిమోగ్లోబిన్ పడిపోయాక పనిచేసేది ఇదే. ఎక్కువమంది చేసే పొరపాటు కాల్షియం మాత్రతో కలిపి మింగడం. రెండిటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, పాలతోనూ టీతోనూ వద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేస్తారు, అది మాత్ర రంగే. వికారం అయితే అన్నం తిన్నాక వేసుకోవచ్చు, కొంచెం తక్కువ పడుతుంది గాని మానేయడం కంటే నయం. నెల రోజులు వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే డాక్టరుకు చూపించి ఫెర్రిటిన్ (ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము), బి12 పరీక్షలు అడగండి. పాలు కూడా తాగని శాకాహారులకు బి12 లోపం రావడం సులువు, దానికి ఇనుము ఎంత తిన్నా లాభం లేదు. కుటుంబంలో సికిల్ సెల్, తలసేమియా ఉంటే పరీక్ష లేకుండా మాత్ర మొదలుపెట్టకూడదు, ఏజెన్సీ ఊళ్ళవాళ్ళు ఇది మరీ చూసుకోవాలి. మాత్రల పట్టీలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఎర్రగా చాక్లెట్‌లా ఉన్నాయని చిన్నపిల్లలు నాలుగైదు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.